టెంట్‌ను "పుట్" చేయరు తమ్ముడూ: లక్నవరం బోర్డు మీది ఇంగ్లిష్ గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, నువ్వు పెట్టిన బోర్డు ఫోటో నాలుగుసార్లు చూశాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి విషయం ఒక్క ముక్కలో చెప్తా. ఈ తమ్ముడు ముగ్గురు దోస్తులతో కలిసి లక్నవరం చెరువు దగ్గర సొంత చెలకలో టూరిస్టులకు టెంట్లు కిరాయికి ఇస్తున్నాడు. ములుగు రోడ్డు మీద పెట్టడానికి ఇంగ్లిష్‌లో బోర్డు రాయిస్తున్నాడు. రాసుకున్నది ఇదీ: "కమ్ ఫర్ క్యాంపింగ్స్ టు లక్నవరం. వుయ్ విల్ పుట్ టెంట్. ఆల్ ఎక్విప్‌మెంట్స్ అవైలబుల్. ఇన్ నైట్ వుయ్ విల్ పుట్ ఫైర్. నైట్ హాల్ట్ ఫెసిలిటీ ఈజ్ దేర్. డోంట్ త్రో లిటర్స్." హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక మేడమ్ అది చూసి నవ్విందట, తప్పు ఎక్కడుందో మాత్రం చెప్పకుండా కారెక్కి వెళ్లిపోయిందట. పెయింటర్ రేపు మాపు వస్తాడు, ఏది మార్చాలి సార్ అని అడుగుతున్నాడు.

ముందు ఆ మేడమ్ సంగతి వదిలెయ్. బోర్డు చూసి నువ్వేం అమ్ముతున్నావో ఆమెకు అర్థమైంది కాబట్టే నవ్వింది. ఇక తప్పుల సంగతి. టెంట్, ఫైర్, క్యాంపింగ్, లిటర్, అన్ని పేర్లూ నీకు తెలుసు. పేర్ల దగ్గర నీకు ఇబ్బంది లేదు. ఆ పేరు పక్కన ఏ క్రియ కూర్చోవాలి, ముందు ఏ చిన్న మాట రావాలి, చివర ఎస్ తగిలించొచ్చా లేదా, ఇదిగో ఇక్కడే బండి దిగబడింది. దిగబడింది కూడా మన తెలుగు బురదలోనే.

చూడు, మనకు "వేయడం", "పెట్టడం" అని రెండు క్రియలున్నాయి, ఈ రెండింటితో సగం సంసారం నడిచిపోతుంది. టెంట్ వేస్తాం, మంట వేస్తాం, మంచం వేస్తాం, లైటు వేస్తాం, తాళం వేస్తాం, ఓటు వేస్తాం, దోసె వేస్తాం. ఇంగ్లిష్ వాడికి ఆ సుఖం లేదు. టెంట్‌కు ఒక క్రియ, మంటకు ఒకటి, తాళానికి ఇంకొకటి. మనమేమో బళ్లో "పుట్ అంటే పెట్టుట" అని బట్టీ కొట్టి, అన్నిటికీ ఆ ఒక్క "పుట్" తగిలిస్తాం.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. హన్మకొండలో లెక్చరర్‌గా చేరిన మొదటి ఏడాది ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలను నర్సంపేట వైపు ఒక ఊరికి ఏడు రోజుల స్పెషల్ క్యాంప్‌కు తీసుకెళ్లాను. చివరి రాత్రి బడి ముందు మంట వేసుకొని పాటలు పాడుకున్నాం. తిరిగొచ్చాక రిపోర్టులో "ఆన్ ద లాస్ట్ నైట్ వుయ్ సెట్ ఫైర్ టు ద క్యాంప్" అని రాశాను, అదీ ఇంగ్లిష్ లెక్చరర్‌ని. ప్రిన్సిపాల్ గారు ఎర్ర పెన్నుతో దాని కింద గీత గీసి, నన్ను పిలిచి, చాలా నెమ్మదిగా "ఎంతమంది పిల్లలు మిగిలారండీ?" అని అడిగారు. సెట్ ఫైర్ టు అంటే తగలబెట్టడం. నేను రాసింది చదివితే క్యాంపును బూడిద చేసి వచ్చామని అర్థం. ఆ రోజు నుంచి నామవాచకం నేర్చుకుంటే దాని క్రియను కూడా జతగా నేర్చుకుంటున్నాను.

సరే, నీ బోర్డులో మంట సంగతే మొదట చూద్దాం. "పుట్ ఫైర్" అనే మాట ఇంగ్లిష్‌లో లేదు. లైట్ ఏ ఫైర్, మేక్ ఏ ఫైర్, బిల్డ్ ఏ ఫైర్, ఈ మూడూ సరైనవే. అగ్గిపుల్ల గీసి అంటించడం మీద దృష్టి ఉంటే లైట్, కట్టెలు పేర్చి తయారు చేయడం మీద ఉంటే బిల్డ్, పెద్దగా పట్టింపు లేకపోతే మేక్. మూడింటిలోనూ "ఏ" ఉంది చూడు, దాన్ని మింగొద్దు. ఇంకో చిక్కేమిటంటే "పుట్ అవుట్ ద ఫైర్" అనే మాట మాత్రం ఉంది, దాని అర్థం మంట ఆర్పేయడం. నీ బోర్డులోని "పుట్ ఫైర్" చూసి ఎవరైనా మధ్యలో అవుట్ పడిపోయిందేమో అనుకుంటే, రాత్రి మంట ఆర్పే సౌకర్యం కలదు అని చదువుకుంటారు. ఇక "టెంట్ కాట్ ఫైర్" అంటే టెంట్ అంటుకుందని, ఎవరు అంటించారో ఆ మాట చెప్పదు. అది రాయాల్సిన అవసరం నీకెప్పుడూ రావొద్దని కోరుకుంటున్నా. ఎండాకాలం ఆకు రాలాక ఆ చుట్టుపక్కల మంట విషయంలో చాలా జాగ్రత్త, అభయారణ్యం హద్దులో అయితే ఫారెస్టు వాళ్లను అడగకుండా అగ్గిపుల్ల కూడా గీయొద్దు.

మరి బోన్‌ఫైర్ అనాలా, క్యాంప్‌ఫైర్ అనాలా? మన దగ్గర రిసార్టులన్నీ బోన్‌ఫైర్ అనే రాస్తాయి, పెద్ద మాటలా వినిపిస్తుందని కాబోలు. కానీ రెండూ ఒకటి కావు, ఆ తేడా చెప్పడానికి ఇంగ్లిష్ కంటే తెలుగే బాగా పనికొస్తుంది. హోలీ ముందు రాత్రి వాడంతా కట్టెలు పోగేసి కాముని దహనం చేస్తారు చూడు, అది బోన్‌ఫైర్. ఎత్తుగా, బహిరంగంగా, పండగకో వేడుకకో వేసే మంట. అడవిలో రాత్రి ఉండాల్సి వచ్చినప్పుడు చలికీ జంతువుల భయానికీ పక్కన వేసుకునే నెగడు, అది క్యాంప్‌ఫైర్. చలికాలం పొద్దున సైకిల్ టైరు ముక్క, గడ్డి వేసి చుట్టూ కూర్చునే చలిమంట కూడా దీని చుట్టమే. నువ్వు నలుగురు గెస్టులకు మధ్యలో నాలుగు మొద్దులు పెట్టి కాలుస్తావు కాబట్టి నీది క్యాంప్‌ఫైర్. కలిపి ఒకే పదంగా రాయాలి, మధ్యలో ఖాళీ వద్దు. బోన్‌ఫైర్‌లోని బోన్ అంటే నిజంగానే ఎముక, పూర్వం ఎముకలు కాల్చిన మంటకు పడిన పేరు అది. చికెన్ తినేసి బొక్కలు మంటలో వేసే మనవాళ్లకు ఆ పేరు నప్పుతుంది అనుకో, అది వేరే సంగతి.

టెంట్ దగ్గరికొస్తే, పుట్ కూడా పూర్తిగా తప్పు కాదు, దానికి తోక కావాలి. పుట్ అప్ ఏ టెంట్. లేదంటే సెట్ అప్ ఏ టెంట్. అన్నిటికంటే అసలైన మాట పిచ్ ఏ టెంట్. ఈ పిచ్ నీకు కొత్త కాదు, ఉప్పల్ స్టేడియం పిచ్ గురించి నువ్వు గంటసేపు మాట్లాడగలవు. పిచ్ చేయడం అంటే మొనదేలిన దాన్ని నేలలో దిగేసి పాతడం. క్రికెట్‌లో వికెట్లు పాతే చోటు కాబట్టి అది పిచ్ అయింది, టెంట్‌కు మేకులు పాతి నిలబెడతాం కాబట్టి అదీ పిచ్ చేయడమే. బ్రిటిష్ వాళ్లు క్యాంపింగ్ స్థలంలో ఒక్కొక్క టెంట్‌కు కేటాయించిన జాగాను కూడా పిచ్ అనే అంటారు. భూతకాలం పిచ్డ్. "వుయ్ పిచ్డ్ అవర్ టెంట్ బై ద లేక్" అని రాస్తే ఎక్కడైనా తలెత్తుకోవచ్చు. విప్పేయడానికి టేక్ డౌన్ చాలు. పాత సైనిక భాషలో స్ట్రైక్ అనేవారు, స్ట్రైక్ ద టెంట్స్ అంటే డేరాలు పీకమని ఆర్డర్. ఈ రోజుల్లో స్ట్రైక్ అంటే మనవాళ్లకు బస్సులు బందే గుర్తొస్తాయి కాబట్టి నువ్వు టేక్ డౌన్‌తో సరిపెట్టుకో.

టెంట్ అనే మాట లాటిన్‌లో లాగి సాగదీయడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. అదే క్రియ నుంచి ఇంకో మాట పుట్టి మన ఇళ్లల్లో తెలుగు మాటలా తిరుగుతోంది: టెన్షన్. తాడు లాగి కడితే టెంట్, నరాలు లాగితే టెన్షన్. నా స్టూడెంట్లకు ఇది చెప్తే ఒకడు లేచి "సార్, టెంట్ హౌస్ బిల్లు చూస్తే రెండూ వస్తాయి" అన్నాడు.

టెంట్ హౌస్ అంటే గుర్తొచ్చింది, ఆ మాట నీ బోర్డు మీద ఎక్కడా రానీయకు. మనకు టెంట్ హౌస్ అంటే షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిచ్చే దుకాణం, వరంగల్‌లో ప్రతి వాడలో ఒకటుంటుంది. బయటి దేశం వాడికి అది అర్థం కాదు, గుడ్డతో కట్టిన ఇల్లేమో అనుకుంటాడు. అలాగే పెళ్లికి ఇంటి ముందు వేసేదాన్ని మనం టెంట్ అంటాం, బ్రిటిష్ వాళ్లు దాన్ని మార్కీ అంటారు. "అవర్ హౌస్ హ్యాజ్ ఏ టెంట్ టుడే" అని నువ్వంటే వాడు ఇల్లుండగా టెంట్‌లో ఎందుకు పడుకుంటున్నారు పాపం అనుకుంటాడు.

ఇప్పుడు నీ మొదటి వాక్యం, "కమ్ ఫర్ క్యాంపింగ్స్ టు లక్నవరం". ఇందులో మూడు పొరపాట్లున్నాయి.

క్యాంపింగ్ లెక్కపెట్టే వస్తువు కాదు, ఒక పని పేరు. ఈత, వంట, నిద్ర లాంటిది. రెండు ఈతలు, మూడు నిద్రలు అనం కదా (వేములవాడ రాజన్న సన్నిధిలో ఒక నిద్ర చేస్తాం అంటాం, అది వేరు). కాబట్టి ఏ క్యాంపింగ్ లేదు, క్యాంపింగ్స్ లేదు. లెక్కపెట్టాలంటే ట్రిప్ అనే మాట తోడు తెచ్చుకోవాలి: ఏ క్యాంపింగ్ ట్రిప్, టూ క్యాంపింగ్ ట్రిప్స్. ఒక హెచ్చరిక, ఎప్పుడైనా ఫ్రాన్స్ నుంచి గెస్టులొచ్చి "ఏ క్యాంపింగ్ నియర్ ద లేక్" అంటే దాన్ని చూసి నువ్వు నేర్చుకోకు. ఫ్రెంచ్‌లో క్యాంపింగ్ అంటే టెంట్లు వేసుకునే స్థలం. ఇంగ్లిష్ మాటే తీసుకొని అర్థం మార్చుకున్నారు, మనం టెంట్ హౌస్ చేసుకున్నట్టే.

రెండోది ఆ "ఫర్". తెలుగులో క్యాంపింగ్‌కు వెళ్దాం, షాపింగ్‌కు వెళ్దాం అంటాం. ఆ "కు" మనల్ని వదలదు, ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు టూ అనో ఫర్ అనో వేషం మార్చుకొని వెంట వస్తుంది. ఇంగ్లిష్‌లో సరదాగా బయటికెళ్లి చేసే పనులకు గో పక్కన నేరుగా ఐఎన్‌జీ మాట పెడతారు: గో క్యాంపింగ్, గో స్విమ్మింగ్, గో ఫిషింగ్, గో షాపింగ్. మధ్యలో ఏమీ ఉండదు. "గో ఫర్" వాడాలంటే దాని తర్వాత "ఏ" పెట్టి మామూలు నామవాచకం తేవాలి: గో ఫర్ ఏ వాక్, గో ఫర్ ఏ స్విమ్. "గో ఫర్ క్యాంపింగ్" మన దేశంలో వార్తాపత్రికల్లో కూడా కనిపిస్తుంది, ఎవరికైనా అర్థమవుతుంది, దానికి నిన్ను ఎవరూ ఉరి తీయరు. కానీ పెయింటు డబ్బులు ఎట్లాగూ పెడుతున్నావు కాబట్టి సరైనదే రాయించుకో. అన్ని పనులకూ గో పెట్టకూడదు కూడా, గో స్టడీయింగ్, గో ఈటింగ్ అంటే వింటానికి వింతగా ఉంటుంది.

మూడోది చాలామంది ఎంఏ ఇంగ్లిష్ వాళ్లు కూడా చేస్తారు, ఆ "టు లక్నవరం". గో ఉంది కదా, ఊరి ముందు టూ రావాలి అనుకుంటాం. గో క్యాంపింగ్‌లో గో ఊరి దాకా చేరదు, క్యాంపింగ్ దగ్గరే ఆగిపోతుంది. ఆ క్యాంపింగ్ ఎక్కడ జరుగుతుందో దాన్ని బట్టి చిన్న మాట వస్తుంది. "వుయ్ వెంట్ క్యాంపింగ్ అట్ లక్నవరం." "షీ వెంట్ షాపింగ్ ఇన్ హన్మకొండ", అంతే గానీ టు హన్మకొండ కాదు. "వుయ్ వెంట్ టు లక్నవరం" అన్నప్పుడు టూ సరైనదే, ఎందుకంటే అక్కడ గోకు వేరే పనిలేదు. నీకు ఇంత వ్యాకరణం ఎందుకు అనిపిస్తే సులువు దారి ఒకటుంది: క్యాంప్‌నే క్రియగా వాడెయ్. "క్యాంప్ విత్ అస్ అట్ లక్నవరం." చిన్నగా ఉంటుంది, పెయింటర్‌కు అక్షరాలు కూడా తక్కువ.

క్యాంప్ అనే మాట గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన తెలంగాణలో ఈ మాటకు ఉన్నన్ని ఉద్యోగాలు ఇంగ్లాండ్‌లో కూడా లేవు. మూలం లాటిన్‌లో మైదానం అనే అర్థమున్న క్యాంపస్, అవును, యూనివర్సిటీ క్యాంపస్ కూడా అదే. మనకు కంటి క్యాంపు, రక్తదాన క్యాంపు, సీఎం క్యాంపు ఆఫీసు ఉన్నాయి. ఆఫీసర్ టూర్లో ఉంటే "సార్ క్యాంపులో ఉన్నారు" అంటారు, గవర్నమెంటు ఉత్తరం పైన క్యాంప్ అని పక్కన ఊరి పేరు రాస్తారు. మా పిల్ల మొదటిసారి ఆ ఉత్తరం చూసి "కలెక్టర్ గారు టెంట్‌లో ఉంటున్నారా నాన్నా?" అంది. తెల్లవాళ్ల కాలంలో అధికారులు జిల్లా తిరుగుతూ నిజంగానే గుడారాల్లో మకాం ఉండేవారు, గుడారం పోయింది, మాట మిగిలింది. ఇక ఛైర్మన్ ఎన్నికలప్పుడు కౌన్సిలర్లను బస్సెక్కించి రిసార్టులకు తీసుకుపోవడం, ఆ క్యాంపు రాజకీయాల సంగతి నీకే బాగా తెలుసు, నీ టెంట్లు కూడా ఎప్పుడో బుక్ అవుతాయి చూడు. ఈ మన అర్థాలు చాలా వరకు మన దేశం దాటితే చెల్లవు. అమెరికాలో రక్తదాన శిబిరాన్ని బ్లడ్ డ్రైవ్ అంటారు.

ఇందులో వ్యాకరణం ఒకటుంది, అది నాకు చాలా ఇష్టం. "వుయ్ సెట్ అప్ క్యాంప్ బై ద రివర్" అనే వాక్యంలో క్యాంప్ ముందు ఏ, ద ఏమీ ఉండవు. "దే సెట్ అప్ ఏ మెడికల్ క్యాంప్ ఇన్ తాడ్వాయి" అన్నప్పుడు "ఏ" ఉంటుంది. తెలుగులో చూడు, మొదటిది మకాం వేయడం, రెండోది శిబిరం ఏర్పాటు చేయడం. మకాం వేశాం అన్నప్పుడు మకాం విడిగా ఒక వస్తువు కాదు, ఆ క్రియలో కలిసిపోయింది, ఒక మకాం వేశాం అనం. శిబిరం మాత్రం విడి వస్తువు, ఒక శిబిరం, రెండు శిబిరాలు. మనకు రెండు మాటలున్నచోట ఇంగ్లిష్ వాడు ఒక చిన్న "ఏ" తీసి పెట్టి పని కానిచ్చాడు. ఆర్టికల్స్ ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు సార్ అని ఏడ్చే పిల్లలకు నేను ఇదే చెప్తాను.

మకాం ఎత్తేయడానికి బ్రేక్ క్యాంప్. దాని పెదనాన్న కొడుకు ఒకడున్నాడు, డీక్యాంప్. అసలు అర్థం శిబిరం ఎత్తేసి వెళ్లిపోవడం. మన ఇంగ్లిష్ పేపర్లలో దొంగలెప్పుడూ పారిపోరు, నగలతో డీక్యాంప్ అవుతారు. తెలుగులో చిట్టీల వాడు బిచాణా ఎత్తేశాడు అంటాం కదా, అచ్చం అదే ఊహ, బిచాణా అన్నా పరుపే, పడకే. నీ గెస్టులు పొద్దున వెళ్లిపోతే "ద గెస్ట్స్ డీక్యాంప్డ్" అని వాట్సాప్‌లో పెట్టకు, డబ్బులు ఎగ్గొట్టారని అర్థం వస్తుంది.

ఇంకో ప్రమాదం. క్యాంప్‌ను విశేషణంగా ఒక మనిషికి వాడితే, "హీ ఈజ్ వెరీ క్యాంప్" అంటే వాడికి క్యాంపింగ్ ఇష్టం అని కాదు. నడకలో, మాటలో కావాలని నాజూకుగా, నాటకీయంగా ఉంటాడని. ఆ అర్థానికి టెంట్‌తో సంబంధం లేదు. నీ గెస్టును పొగడబోయి చిక్కుల్లో పడకు, క్యాంపర్ అను చాలు.

స్థలానికి ఏమనాలి అని అడిగావు, క్యాంప్‌సైటా, క్యాంప్‌గ్రౌండా. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మొత్తం స్థలం క్యాంప్‌సైట్, అందులో ఒక టెంట్ జాగా పిచ్. అమెరికాలో మొత్తం స్థలం క్యాంప్‌గ్రౌండ్, అందులో ఒక టెంట్ జాగా క్యాంప్‌సైట్. అంటే క్యాంప్‌సైట్ అనే ఒకే మాట బ్రిటన్‌లో చెరువంత, అమెరికాలో మడి అంత. ఇది తెలియక నేను అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో నవ్వులపాలయ్యాను. గేటు దగ్గర అక్కడ పనిచేసే ఒకామె "విచ్ సైట్?" అని అడిగింది, నేను చుట్టూ చూసి "దిస్ సైట్ ఓన్లీ" అన్నాను. ఆమె నంబరు అడుగుతోంది, నేనేమో పొరపాటున వేరే ఊరికి రాలేదని నమ్మకంగా చెప్తున్నాను. పైగా మనకు సైట్ అంటే రిజిస్ట్రేషన్ అయిన ప్లాటాయె. మన దేశంలో బ్రిటిష్ వాడుకే ఎక్కువ కాబట్టి నీ చెలక మొత్తానికి క్యాంప్‌సైట్ అని రాసుకో.

అదే ట్రిప్పులో టార్చ్ కొందామని దుకాణానికి వెళ్లి టార్చ్ అడిగాను, అతను పైపులు అతికించే గ్యాస్ మంట పరికరం తెచ్చి ముందు పెట్టాడు. వాళ్లకు బ్యాటరీ లైటు ఫ్లాష్‌లైట్. టార్చ్ అంటే కాగడా, లేదా ఆ గ్యాస్‌ది. నీ దగ్గరికి వచ్చే ఎన్ఆర్ఐ పిల్లలు ఫ్లాష్‌లైట్ అడిగితే కెమెరా అనుకోకు. అలాగే తాడు కట్టే మేకు బ్రిటన్‌లో పెగ్, అమెరికాలో స్టేక్ (తినే స్టేక్ స్పెల్లింగ్ వేరు). పెగ్ అంటే మన కుర్రాళ్లు గ్లాసులు తెస్తారు, ఆ పెగ్ కూడా ఇంగ్లిషే గానీ, బోర్డు మీద టెంట్ పెగ్ అని పూర్తిగా రాయడం మంచిది. ఆ మేకుకు కట్టే తాడు గై రోప్. ఈ గై "ఏయ్ గై" అని పిలిచే గై కాదు. తాడు గై పడవల వాళ్ల మాట, మనిషి గై మాత్రం 1605లో లండన్ పార్లమెంటును పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్ పేరు నుంచి వచ్చింది, అతని బొమ్మను ఇప్పటికీ నవంబర్ 5న బోన్‌ఫైర్‌లో వేసి కాలుస్తారు. వాళ్ల కాముని దహనం అన్నమాట. మడత మంచం అమెరికాలో కాట్, బ్రిటన్‌లో క్యాంప్ బెడ్, బ్రిటన్‌లో కాట్ అంటే చంటిపిల్ల పడుకునేది. తమాషా ఏమిటంటే కాట్ మన దేశం నుంచి వెళ్లిన మాటే, హిందీ ఖాట్, అదే నులక మంచం.

మిగతావి గబగబా. ఎక్విప్‌మెంట్‌కు ఎస్ రాదు, ఎప్పటికీ రాదు. గేర్, లగేజ్, ఫర్నిచర్, ఫైర్‌వుడ్ కూడా అంతే, కట్టెలు వంద ఉన్నా ఫైర్‌వుడ్డే. నేనైతే గేర్ వాడతాను, చిన్నమాట. అకామడేషన్ రాయాల్సి వస్తే సి రెండు, ఎమ్ రెండు. మన ఊళ్లలో ఏదో ఒకటి ఎప్పుడూ తక్కువ పడుతుంది. "ఇన్ నైట్" కాదు, అట్ నైట్. పొద్దున, సాయంత్రాలకు ఇన్ ద మార్నింగ్, ఇన్ ద ఈవినింగ్, రాత్రి ఒక్కటే అట్. నైట్ హాల్ట్ అంటే మనకు ఊళ్లో రాత్రి ఆగి పొద్దున బయల్దేరే ఆర్టీసీ బస్సు. బయటివాళ్లకు ఓవర్‌నైట్ స్టే. "ఫెసిలిటీ ఈజ్ దేర్" మొత్తం తీసెయ్, బోర్డు మీద రాశావంటే ఉన్నట్టే కదా.

లిటర్స్ మాత్రం తప్పక మార్చు. చెత్త అనే అర్థంలో లిటర్‌కు బహువచనం లేదు. ఎస్ పెడితే ఒక్క కాన్పులో పుట్టిన కుక్కపిల్లల గుంపులు అనే అర్థంలోకి వెళ్తుంది. మేడమ్ నవ్వింది బహుశా దీనికే, కుక్కపిల్లలను విసరొద్దు అని రాశావు మరి. పైగా తెలుగు కళ్లతో చదివితే లీటర్ల లెక్క. "డోంట్ లిటర్" చాలు, అది క్రియగా కూడా పనిచేస్తుంది.

ఇన్, ఆన్, అట్ అడిగావు కదా. టెంట్ లోపల ఇన్. క్యాంప్‌సైట్ దగ్గర అట్. లక్నవరంలో వేలాడే వంతెన దాటి దీవి మీదికి వెళ్తే ఆన్ ద ఐలాండ్. చెరువు పక్కన బై ద లేక్. అమెరికా వాళ్లు "ఆన్ ద లేక్" అన్నా ఒడ్డు అనే అర్థం, నీళ్ల మీద టెంట్ తేలుతోందని గాబరా పడకు. టెంట్‌లో గడిపిన రాత్రికి అండర్ కాన్వాస్ అనే మంచి మాటుంది. ఆరుబయట పడుకోవడాన్ని స్లీప్ అండర్ ద స్టార్స్ అను, పొరపాటున కూడా స్లీప్ రఫ్ అనకు, అది ఇల్లు లేక ఫుట్‌పాత్ మీద పడుకోవడం.

స్లీపింగ్ బ్యాగ్ విడివిడిగా రెండు పదాలు. స్లీపింగ్ బాయ్ అంటే నిద్రపోతున్న పిల్లాడు, స్లీపింగ్ బ్యాగ్ అంటే నిద్రపోతున్న సంచి కాదు, నిద్రకు వాడే సంచి. పలికేటప్పుడు ఒత్తు స్లీపింగ్ మీదే పడుతుంది, బ్యాగ్ తేలిపోతుంది. ట్రెక్‌కు ఐఎన్‌జీ చేర్చితే కె రెండుసార్లు. పిక్నిక్‌కు చేర్చితే సి తర్వాత కొత్తగా కె వస్తుంది, లేకపోతే పిక్నిసింగ్ అని చదువుతారు.

నువ్వు చివర్లో "మనకు క్యాంపింగ్ అలవాటు లేదు కదా సార్, అందుకే ఈ మాటలు రావు" అని రాశావు, దానికి మాత్రం ఒప్పుకోను. రెండేళ్లకోసారి మేడారం పోయేది ఎవరు? మా తాతలు ఎడ్లబండి కట్టుకొని, బియ్యం, గొంగళ్లు, చీర దుప్పట్లు వేసుకొని వెళ్లి, జంపన్నవాగు పక్కన గుడారం వేసి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి, నెగడు ముందు రాత్రంతా కూర్చునేవారు. మా నాయినమ్మ గుడారం మేకును రాయితో కొడుతూ "తాడు బిగియకుంటే గాలికి లేస్తదిరా" అనేది. పిచ్చింగ్, పెగ్, గై రోప్, క్యాంప్‌ఫైర్, అన్నీ ఆ ఒక్క వాక్యం చుట్టూ ఉన్నాయి. "మై గ్రాండ్‌మదర్ క్యాంప్డ్ అట్ మేడారం ఎవ్రీ టూ ఇయర్స్" అని రాస్తే అది వందశాతం సరైన ఇంగ్లిష్. ఆమెకు స్లీపింగ్ బ్యాగ్ లేదు, అంతే తేడా.

ఇదిగో నీ బోర్డు: "క్యాంప్ విత్ అస్ అట్ లక్నవరం. వుయ్ పిచ్ యువర్ టెంట్. ఆల్ క్యాంపింగ్ గేర్ ప్రొవైడెడ్. క్యాంప్‌ఫైర్ అట్ నైట్. ఓవర్‌నైట్ స్టే. ప్లీజ్ డోంట్ లిటర్." పెయింటర్‌కు నోటితో చెప్పకు, కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వు. వాడు అలవాటుగా టెంట్ పక్కన హౌస్ చేర్చకుండా, చివర అక్షరం ఆరే దాకా పక్కనే నిలబడు.